ఉజెల్ అప్పగింత

“మళ్ళీ ఎవరు తిడుతున్నారు?” బీరు గ్లాసు బల్ల మీద పెడుతూ అడిగింది వ్లాస్తా.

“ఎవరు తిట్టడం లేదో అడుగు, తొందరగా చెప్పేస్తాను,” అని రాదిమ్ ఫోను బోర్లించాడు.

బ్ర్నో స్టేషను వెనకున్న ఆ బీరుకొట్టు వ్లాస్తాది. రాదిమ్‌ని చదువుకునే రోజుల నుంచీ ఎరుగును. ఇంతలా మొహం మాడ్చుకుని కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు.

“ఇంతకీ ఏం కొంప మునిగిందయ్యా?”

“నేను రాసిన ఉజెల్ ఉంది చూడు, రెండు యంత్రాలు నెట్ మీద మాట్లాడుకోవాలంటే మధ్యలో ఉండే సాఫ్ట్‌వేర్. ఊరికే ఇచ్చాను, లోకమంతా వాడుకుంటోంది. టికెట్ మిషన్లలో ఉంది, ఆసుపత్రుల్లో ఉంది. అవతలి యంత్రం సర్టిఫికెట్, అంటే దాని గుర్తింపు పత్రం, చూపిస్తే అది అసలుదా, ముద్ర సరైనదా, గడువుందా అని బుద్ధిగా చూస్తుంది.”

“మంచిదేగా.”

“మంచిదే. ఆ సర్టిఫికెట్ ఎవరిదో మాత్రం చూడదు. మనం పిలిచింది బ్యాంకుని, పలికింది ఏ దొంగ వెధవో. అయినా సరే, వాడి సర్టిఫికెట్ అసలుదైతే చాలు, రండి రండి అంటుంది.”

“తాళం గట్టిదే, వేసింది పక్కింటి తలుపుకి,” అని నవ్వింది వ్లాస్తా. “రాసింది నువ్వేగా?”

“నేనే. అందుకే నోరు మూసుకుని పడుతున్నాను.”

పడడం అంటే మామూలు పడడం కాదు. ఆ లోపం బయటపడిన దగ్గర్నుంచీ అతనికి తిండి లేదు, నిద్ర లేదు. ఇన్నేళ్ళలో ఒక్క కోరునా ఇవ్వని కంపెనీలు సంజాయిషీలు అడిగాయి. ముక్కూమొహం తెలియనివాళ్ళు దుమ్మెత్తిపోశారు. ఒక మహానుభావుడైతే, ఇది కావాలని పెట్టిన కన్నమేనని తేల్చేశాడు. అది చదివాక రాదిమ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలన్నీ ధారపోసి చేసినందుకు ఇదా మర్యాద? ఎలాగో దిద్దుబాటు రాశాడు. ఇక చాలనుకున్నాడు. అది విడుదల చేయడం, ఆ తర్వాత ఉజెల్ మంచిచెడ్డలన్నీ టిబోర్‌కి వదిలేస్తున్నానని వ్లాస్తాతో చెప్పాడు.

“ఎవరా టిబోర్?”

“ఆస్ట్రవాలో ఉంటాడు. ఆరేళ్ళుగా నా తప్పులు పట్టేది వాడే. ఇంట్లోవాళ్ళ కంటే వాడితోనే ఎక్కువ మాట్లాడాను, అంతా రాతల్లోనే. మొహం మాత్రం చూడలేదు. ఫోటో పెట్టడు, కెమెరా తెరవడు. ఇవాళ రైల్లో ఇక్కడికొస్తున్నాడు.”

“మరి నిన్నెలా పోల్చుకుంటాడు?”

“ఉజెల్ పేజీలో రాశానుగా. శుక్రవారం సాయంత్రం, ఈ కొట్టు, కిటికీ పక్క బల్ల, తాళంచెవి అప్పగింత అని.”

“ఊరందరికీ కనబడేలాగానా?”

“మా పనంతా అంతే వ్లాస్తా. దాపరికాలుండవు.”

ఆ తాళంచెవి అతని చొక్కా జేబులోనే ఉంది. కంప్యూటర్‌కి గుచ్చే బొటనవేలంత ముక్క. ఉజెల్‌లో కొత్తగా ఏది పంపాలన్నా దాంతో సంతకం పెట్టాలి. పెట్టారా, ప్రపంచంలో ఉన్న యంత్రాలన్నీ మారుమాట్లాడకుండా పుచ్చుకుంటాయి. అది తప్పుడు చేతిలో పడితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా రాదిమ్‌కి భయం.

“రాదిమ్ గారా?”

బూడిదరంగు స్వెట్టరు, మాసిన గడ్డం. ముప్ఫై దాటి ఉంటాయి.

“వచ్చావా టిబోర్! గారేంటి, కూర్చో.”

అతను నవ్వి కూర్చున్నాడు. వ్లాస్తా ఇంకో బీరు తెచ్చింది, పులుపులో ఊరబెట్టిన మాంసం సాసేజీలు కూడా.

“ఈ వారమంతా నిన్ను ఏకిపారేశారు. చదువుతుంటే నాకే కడుపు రగిలిపోయింది,” అన్నాడతను. “ఆ మహానుభావుడెవడో కావాలనే పెట్టావన్నాడు చూడు.”

“వాడి సంగతి ఎత్తకు, తిన్నది అరగదు.”

“నీ ఓపికకి దణ్ణం పెట్టాలి. నేనైతే అన్నీ మూసేసి పోయేవాణ్ణి.”

ఆ మాటకి రాదిమ్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. వారమంతటికీ ఒక్కడు, ఒకే ఒక్కడు, తన వైపు నుంచి మాట్లాడాడు. ఇంకాసేపుంటే ఏడ్చేస్తానేమోనని పనిలోకి దిగాడు.

“పాస్‌పోర్టు తెచ్చావా? ఏమీ అనుకోకు.”

ఉజెల్ లాంటివి రాసేవాళ్ళ లోకంలో అదొక ఆచారం. ఎంత స్నేహితులైనా, తాళంచెవి చేతులు మారేముందు పాస్‌పోర్టు చూడాల్సిందే. ఎవరూ నొచ్చుకోరు.

“అడక్కపోతేనే అనుకునేవాణ్ణి,” అని అతను తీసిచ్చాడు.

రాదిమ్ దాన్ని దీపం కిందకి జరిపాడు. అటూ ఇటూ వంచి మెరుపు బొమ్మ చూశాడు. కాగితం మీద వేలు రాసి చూశాడు. ఫోటో చూసి, మొహం చూసి, మళ్ళీ ఫోటో చూశాడు. మధ్యలో ఫోను గిర్రుమంది, ఇంకెవరిదో తిట్టు. విసుక్కుంటూ దాన్ని దూరంగా నెట్టాడు.

“ముద్ర అసలుదే. గడువుంది. ఫోటో నీదే, కాకపోతే అప్పుడు జుట్టెక్కువ.”

“ఇంకేమైనా చూస్తావా?”

“ఇంకేం చూడాలి, చాలు.”

తాళంచెవి అతని అరచేతిలో పెట్టి, ముందుకి వంగి రహస్య సంఖ్య చెవిలో చెప్పాడు. అతను దాన్ని జాగ్రత్తగా లోపలి జేబులో దాచుకున్నాడు. రైలుందంటూ సగం బీరు వదిలేసి లేచాడు.

“దిద్దుబాటు ఈ రాత్రికే పంపెయ్,” అన్నాడు రాదిమ్.

“రాత్రిదాకా ఎందుకు,” అని చెయ్యి ఊపి వెళ్ళిపోయాడతను.

“కుర్రాడు మంచివాడిలా ఉన్నాడు,” అంది వ్లాస్తా గ్లాసులు తీస్తూ. “నీ మొహానికి కాస్త కళ వచ్చింది.”

“పీడ వదిలింది,” అన్నాడు రాదిమ్. నిజంగానే ఒళ్ళు తేలికపడింది. మిగిలిన సాసేజీ తీరిగ్గా తిని బయల్దేరాడు.

ట్రాములో కూర్చోగానే టిబోర్ నుంచి మెయిలొచ్చింది. అప్పుడే విడుదల కూడా చేసేశాడు కాబోలు, పనంటే వీడిదే పని అనుకుంటూ తెరిచాడు.

“క్షమించు, రైలు రద్దయింది, ఇంకా ఆస్ట్రవాలోనే ఉన్నాను.”

ఆ పాస్‌పోర్టులో ముద్ర, గడువు, ఫోటో అన్నీ చూసిన రాదిమ్, పేరు మాత్రం చదవలేదు.