వంకర పడవ

నాలుగో తరగతిలో చేతిపనుల పీరియడ్ నడుస్తోంది. పిల్లలందరి చేతులకూ తొడుగులున్నాయి. అవి ఎటు కదిపితే వేళ్లు అటు కదులుతాయి. అందుకే అన్ని బల్లల మీదా అచ్చు గుద్దినట్టు ఒకేలాంటి కాగితం పడవలు తయారవుతున్నాయి. వంకర పడవంటే ఏమిటో ఆ బడి పిల్లల్లో ఎవరికీ తెలియదు.

చివరి బల్ల దగ్గర లాస్య మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది.

"టీచర్, నా తొడుగుల్లో చార్జింగ్ అయిపోయింది."

"అయితే ఏమైందే? తీసెయ్. ఉత్త చేతుల్తో చెయ్యి," అంది కోమలవల్లి టీచరు.

లాస్య తొడుగులు తీసింది. పాలిపోయిన వేళ్లలోంచి కాగితం జారి కింద పడింది.

కోమలవల్లి వంగి ఆ కాగితం తీసింది. తొడుగులు రాకముందు ఈ గదిలోనే ఎంతమందికి పడవలు నేర్పిందో! పిల్ల పక్కన కూర్చుని, తన తొడుగులు కూడా విప్పేసింది.

"ఇటు చూడు తల్లీ, ఇంతే."

కాగితం సగానికి మడిచింది. మూలలు రెండూ దగ్గరికి తెచ్చింది. అక్కడ వేళ్లు ఆగిపోయాయి. విప్పి మళ్లీ మొదటినుంచీ మడిచింది. మళ్లీ అక్కడే ఆగిపోయాయి.

లాస్య పట్టు లేని తన వేళ్లను టీచరు చేతిమీద వేసింది.

"మీ చేతుల్లో కూడా చార్జింగ్ అయిపోయిందా టీచర్?"