రెండో ద్వారం

ఎవరూ నిందించని తప్పును మనిషి ఎక్కడ దింపుకోవాలి?

జనవరి నుంచి వెండెల్ హాగెన్ తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇదే. జవాబు దొరకకుండానే అక్టోబరు వచ్చింది. డులూత్ ఊళ్లో సరస్సు మీది గాలి అప్పుడే కొరుకుతోంది. ఇంకో నెలలో మంచు మొదలవుతుంది.

అతను పనిచేసే చిన్న కంపెనీకి ఉన్నది ఒకటే సాఫ్ట్‌వేర్. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా ఆపదలో పడి 911కు ఫోన్ చేస్తే, ఆ పిలుపును దగ్గర్లోని అంబులెన్సుకు అది చేరుస్తుంది. జనవరి మంచు తుఫానులో ఆ సాఫ్ట్‌వేర్ ముప్పై ఒక్క నిమిషాలు మొరాయించింది. సరిగ్గా అప్పుడే ఎల్వినా సోర్డాల్ అనే ముసలామెకు పక్షవాతం వచ్చింది. భర్త చేసిన పిలుపు ఎవరికీ చేరలేదు. ఆమె బతికింది. మాట పోయింది.

వెండెల్ ఒకసారి వాళ్లింటికి వెళ్లాడు. ఆమె భర్త కాఫీ పోసి, పళ్లెంలో నిమ్మకాయ కేకు ముక్కలు పెట్టాడు.

"తుఫానొస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు బాబూ, తిను."

ఎల్వినా కిటికీ దగ్గర కూర్చుని అతన్నే చూస్తోంది. వెండెల్ చేతిలోని ముక్కను కొరక్కుండానే పళ్లెంలో పెట్టేశాడు.

ఆఫీసులోనూ అంతే. ఈ వృత్తిలో ఒక ఆచారం ఉంది. ఏదైనా కూలినప్పుడు అందరూ కూర్చుని ఏం జరిగిందో రాస్తారు. ఎవరివల్ల జరిగిందో రాయరు. పేర్లు ఎత్తితే మనుషులు నిజాలు దాస్తారని భయం. అందుకే పన్నెండు పేజీల నివేదికలో వెండెల్ పేరు ఒక్కచోటా లేదు.

ఆ పేరు ఉన్నది మీటింగు గది గోడ మీద, ఫ్రేము కట్టించిన ఒక డిజైన్ కింద. సాఫ్ట్‌వేర్‌లో ఏ భాగం ఎక్కడుండాలో, దేని నుంచి దేనికి దారో చూపే బొమ్మ అది. మూడేళ్ల కిందట కంపెనీ యజమాని ఇలాంటి డిజైన్లు గీసే మంచి ఆర్కిటెక్ట్‌ను తీసుకోమన్నాడు. వెండెల్ ఒక్కడే కూర్చుని నలుగురిని ఇంటర్వ్యూ చేశాడు. ఎవరూ కుదరరన్నాడు. గీతలు గీయడానికి ప్రత్యేకంగా ఒక మనిషెందుకన్నాడు. తర్వాతి సోమవారం ఈ డిజైన్ తెచ్చి బల్ల మీద పరిచాడు. యజమాని ముచ్చటపడి ఫ్రేము కట్టించాడు.

ఇప్పుడు మళ్లీ ఆర్కిటెక్ట్ కోసం వెతుకుతున్నారు. ఈసారి మనిషిని ఎంచి పిలిచింది రోండా, తుఫాను తర్వాత చేరిన మేనేజరు. ఆ మనిషి దరఖాస్తు చూపించినప్పుడు వెండెల్ దాన్ని రెండుసార్లు చదివి, "నీ ఇష్టం," అని మాత్రం అన్నాడు.

ఇంటర్వ్యూ రోజు మారిబెత్ కివెలా ఆ మీటింగు గదిలోకి వచ్చింది. నలభై దాటిన మనిషి. కోటు విప్పి కుర్చీకి తగిలించింది. కూర్చోకుండా గోడ దగ్గరికి నడిచి, డిజైన్ ముందు చాలాసేపు నిలబడింది.

"చూడండి, చూడండి. మా వెండెల్ కళాఖండం," అంది రోండా. "టికెట్ కూడా పెట్టలేదు మేం."

"ఎవరు గీశారో గానీ, పని తెలిసినవాళ్లే."

"విన్నావా వెండెల్? కాస్త నవ్వరాదూ!"

వెండెల్ నవ్వలేదు.

"కానీ ఇది పూర్తి కాలేదు," అంది మారిబెత్.

రోండా ముందుకు వంగింది. "అంటే?"

"వచ్చే పిలుపులన్నీ ఈ ఒక్క ద్వారంలోంచే లోపలికి వస్తున్నాయి. ఇది మూసుకుపోతే ఇక అంతే. ఎడమ పక్కన ఈ ఖాళీ చూడండి. మిగతాదంతా ఇరుకిరుగ్గా సర్ది, ఇక్కడ ఇంత చోటు ఎవరూ ఊరికే వదలరు. రెండో ద్వారం కోసం అట్టేపెట్టింది ఇది."

రోండా చేతిలోని నివేదిక బల్ల మీద పడేసింది.

"ఇది కనిపెట్టడానికి మావాళ్లకి ఆరు వారాలు పట్టిందండీ! మరి అంత తెలిసిన మనిషి సగంలో ఎందుకు ఆపేసినట్టు?"

"టైమ్ అయిపోయి ఉంటుంది."

రోండా పకపకా నవ్వింది. "టైమా! శని, ఆదివారాలు రెండూ కూర్చుని గీశాడట. ఏం నాయనా, మధ్యలో హాకీ ఆటకి లేచిపోయావా?"

మారిబెత్ నవ్వలేదు. ఆమె వెండెల్ వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. కిటికీ దగ్గర ఎల్వినా చూసిన చూపు లాంటిదే అదీ. ఎదుటివాడు నోరు తెరుస్తాడేమోనని ఎదురుచూసే చూపు.

"సరే, మంచు పడేలోపల ఆ రెండో ద్వారం పెట్టేయగలరా?" అంది రోండా.

"పెట్టొచ్చు. కానీ ఈ డిజైన్ ఎలా పుట్టిందో ముందు నాకు ఉన్నదున్నట్టు చెప్పాలి. అది వినకుండా నేను ఒక్క గీత కూడా గీయను."

"చెప్పవయ్యా వెండెల్. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. మన రూలు తెలుసుగా."

తెలుసు. తొమ్మిది నెలలుగా అతను తలదాచుకున్నది ఆ నియమం కిందే. ఇంకో చలికాలం కూడా దాచుకోవచ్చు. ఎల్వినా భర్తలాంటి వాళ్లు కాఫీ పోస్తూనే ఉంటారు.

ఇక చాలు అనుకున్నాడు.

లేచి, ఫ్రేమును గోడ మీద నుంచి దింపి బల్ల మీద బోర్లా పెట్టాడు.

తర్వాత ఫోన్ తీసి, పాత ఫోటోల్లో మూడేళ్లు వెనక్కి వెళ్లి, ఒకదాన్ని రోండా ముందుకు జరిపాడు: ఇదే గది, తెల్లబోర్డు నిండా ఎడమ పక్క ఖాళీతో సహా ఇదే డిజైన్, దాని అంచున, ఇంటర్వ్యూకు ఇచ్చిన నలభై ఐదు నిమిషాలు అయిపోయాయని వెండెల్ చెప్పడంతో మార్కర్‌కు మూత పెడుతున్న మారిబెత్ కివెలా.