పడవ మీద పేర్లు

"అల రాగానే పడవ ముందరి కొన ఎట్ట లేస్తా ఉందో చూడండి. ఎవరు చేసినారు ఇది?" అన్నాడు పెంచలకృష్ణ సార్, ల్యాప్‌టాప్ తెర చూపిస్తూ.

"నేనే సార్," అంది ఉష.

ముఖేష్‌కు ఒళ్లు మండిపోయింది. పడవ ఆట చేద్దామన్నది తను. వాకాడు దగ్గర సముద్రపొడ్డున పుట్టి, నడక సరిగా రాకముందే పడవెక్కినవాడు తను. దొరవారిసత్రం వరిచేల మధ్య పెరిగిన ఈ పిల్ల పడవను ఏ బస్సు కిటికీలోంచో చూసి ఉంటుంది, అంతే. మెప్పు మాత్రం ఆమెకా?

నెల్లూరు కాలేజీ హాల్లో హ్యాకథాన్ పోటీ జరుగుతోంది. ఇద్దరేసి ఒక జట్టు. సాయంత్రానికల్లా ఒక మొబైల్ ఆట తయారుచేయాలి. ఇద్దరికీ కోడింగ్ కొత్తే. గెలిచిన ఆట మొదటి తెర మీద ఎవరి పేరుంటే వాళ్లకే చెన్నై కంపెనీలో ట్రైనింగ్, ఆపైన ఉద్యోగం. పేరు లేనివాళ్లకు ఏమీ లేదని ముందే గట్టిగా చెప్పేశారు. అందుకే పొద్దున్నే ఆ తెర మీద పడవ బొమ్మ పెట్టి, ఎడమపక్క ముఖేష్ అనీ, కుడిపక్క ఉష అనీ రాసుకున్నారు. తర్వాత ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లు పనిలో పడ్డారు.

"ఇద్దరి పనీ కలిపేదెట్ట సార్?" అడిగాడు ముఖేష్.

"పంపించండబ్బయా, కంప్యూటరే కలిపేస్తుంది. నువ్వు చేర్చింది చేరతది, తీసేసింది పోతది."

"నేను తీసేసింది ఉష దగ్గర అట్టే ఉంటే?"

"ఉన్నా పోతది. ఒకరు తీసేస్తే తీసేసినట్టే."

ఆ మాట ముఖేష్ బుర్రను తొలచడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం ఉష పులిబొంగరాల డబ్బా తెరిచి అతని ముందుకు జరిపింది.

"తిను ముఖేషూ. గెలిస్తే ఇద్దరం చెన్నైకి పోవచ్చు."

"నీకేంలే. సార్ నిన్నే మెచ్చుకుంటా ఉండాడు."

"నన్నా? ఆలోచనంతా నీదేనని కనిపించినోళ్లందరికీ చెప్తా ఉండాడు. నేనేదో నీకు చేతిసాయానికి వచ్చినట్టు." నవ్వుతూనే అంది ఉష.

దొంగ వినయం, అనుకున్నాడు ముఖేష్. డబ్బా ఆమె వైపే జరిపేశాడు.

కాసేపయ్యాక ఆమె వెనగ్గా వెళ్లి తొంగిచూడబోయాడు. ఉష గబుక్కున ల్యాప్‌టాప్ మూత దించేసింది.

"ఏంది దాస్తుండావు?"

"ఏం లేదులే. చిన్న సవరణ."

అంటే కొత్త హంగేదో చేర్చి మళ్లీ సార్ దగ్గర మార్కులు కొట్టేయబోతోందన్నమాట. రేపు చెన్నైలో కూడా ఈమె పక్కన నిలబడి తల ఊపుతూ ఉండాల్సిందేనా? ముఖేష్ తన చోటికొచ్చి కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, కుడిపక్క పేరు తీసేశాడు. వెంటనే పంపించేశాడు.

"నువ్వు పంపినావా ఉషా?" అని సార్ అడగడం వినిపించింది.

"ఇప్పుడే పంపినాను సార్."

సాయంత్రం కంపెనీ నుంచి వచ్చిన మేడమ్ మైకు అందుకుంది. మొదటి బహుమతి పడవ ఆటకే. హాలంతా చప్పట్లు మోగాయి.

"మనదే ముఖేషూ," అంది ఉష.

ముఖేష్ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఇంకో నిమిషంలో ఆ నవ్వు ఉండదని జాలేసింది. ఆ జాలి కింద సంతోషం కూడా ఉంది, అబద్ధం ఎందుకు. ఎందుకో ఉష కూడా అతనివైపు చూడకుండా తెరవైపు తిరిగింది.

"ఆట తెరవండి సార్. పేర్లు చూసి రాసుకుంటాను," అంటూ మేడమ్ పెన్ను తీసింది.

పెంచలకృష్ణ సార్ మీట నొక్కాడు. పెద్ద తెర మీద నీలంగా సముద్రం పరుచుకుంది. అల మీద ఊగుతూ పడవ వచ్చింది.

పడవకు ఎడమపక్కా పేరు లేదు, కుడిపక్కా పేరు లేదు.