మేడమెట్ల మీద దగ్గు

"సిగరెట్ అలవాటుందా?" అడిగింది నర్సు, కాగితం మీంచి తలెత్తకుండానే.

ఎదురుగా కూర్చున్న ఆమె నోరు తెరిచేలోపే భర్త నవ్వేశాడు. "భలేవారే! మా ఇంట్లో మగవాళ్ళకే లేదు. లేదని రాసుకోండి."

"ఆవిడే చెప్పాలండీ. రేపు పొట్ట మీది చర్మం, కొవ్వు తీసి, కొత్త రొమ్ము కుడతారు. పొగ తాగేవాళ్ళకి రక్తం సరిగా అందక, కుట్టింది నల్లబడి పాడైపోవచ్చు. ముందే తెలిస్తే నెల ఆగి చేస్తారు."

 క్యాన్సర్‌కి రొమ్ము తీసేశాక ఏడాదిగా ఆమె ఈ రేపటి కోసమే ఎదురుచూసింది. పక్కనే భర్త, వెనక కుర్చీలో అత్తగారు. ఇప్పుడు నిజం చెబితే రేపటి ఆపరేషనూ పోతుంది, పరువూ పోతుంది.

"లే..."

వెనక నుంచి అత్తగారు దగ్గారు.

ఆమె గిరుక్కున వెనక్కి తిరిగింది. మేడ మీద బట్టలు ఆరేసే నెపంతో సిగరెట్ వెలిగించినప్పుడల్లా, మెట్ల మీద వినబడే దగ్గే అది. ఆ దగ్గు వినగానే ఆర్పేసేది. పాపం ఆయాసమనుకుని, ఆవిడకి మందు కూడా కొనిచ్చింది.

ఇక్కడ మెట్లు లేవు. అత్తగారు కూర్చున్న కుర్చీలోంచి కదలనే లేదు.

"ఇన్నాళ్ళూ నువ్వు దాచుకోవాలనే దగ్గానే తల్లీ," అన్నారావిడ. "ఇవాళ మాత్రం దాచకు."

భర్త ముఖం చూసే ధైర్యం లేక ఆమె నర్సు చేతిలో కలాన్నే చూసింది.

"రోజుకి మూడండీ."

"నాలుగు," అన్నారు అత్తగారు.