లిఫ్టు కదల్లేదు

పదింటికల్లా ఐదో అంతస్తులో ఉండాలి. మొదటి ఉద్యోగం. "నిమిషం లేటైనా అటునుంచి అటే పో" అని మేనేజరు ముందే చెప్పాడు. ఫోన్ చూసుకుంటూ లిఫ్టెక్కా. తలుపులు మూసుకున్నాయి, లిఫ్టు మాత్రం కదల్లేదు.

సైన్సు, సినిమాలు అన్నీ వాదించుకునే ఫోరం ఒకటుంది మాకు. "లిఫ్టులో ఇరుక్కుపోయా, కాపాడండ్రా" అని అందులో పెట్టా.

"కింద పడేముందు గాల్లోకి ఎగురు, ఏం కాదు" అన్నాడు రాకెట్టు రాజా.

"ఏ సినిమాలో చూశావురా? అయినా వీడు ఇరుక్కున్నట్టు ఆధారమేది?" అన్నాడు ప్రూఫు బాబాయ్.

అడ్మిన్ నా గోడుని తీసుకెళ్ళి వినోదం విభాగంలో పడేశాడు. నాకు ఒళ్ళు మండింది. ఇరుక్కున్న సంగతి వదిలేసి ముగ్గురితోనూ తగువేసుకున్నా.

అంతలో తలుపు తెరుచుకుంది. బయట కూరగాయల సంచీతో ఒక పెద్దావిడ.

"దేవతలా వచ్చారు పిన్నిగారూ! లిఫ్టు పాడైపోయింది."

ఆవిడ లోపలికి తొంగిచూసింది. "ఏ అంతస్తు నొక్కావు నాయనా?"

నేను ఏదీ నొక్కలేదు.

ఆవిడే ఐదు నొక్కి నన్ను దింపి, పైకెళ్ళిపోయింది. "బయటపడ్డా" అని ఫోరంలో పెట్టా.

"నమ్మం. ఆధారం?" అన్నాడు ప్రూఫు బాబాయ్.

మేనేజరు గది ఎదురుగానే ఉంది. పదికి ఇంకా రెండు నిమిషాలుంది. ఒక్క ఫొటో తీసి వాడి నోరు మూయిద్దామని లిఫ్టుని మళ్ళీ పిలిచి ఎక్కా.

తలుపులు మూసుకున్నాయి.