నెమ్మదివాళ్లు ముందు

కుంటుతున్నట్టు నటించడం మోహన్‌కు మొదటి నెలలోనే అలవాటైపోయింది. కష్టమల్లా వెనక వచ్చేవాళ్లు తనను దాటిపోతుంటే చూస్తూ ఊరుకోవడమే.

టెక్కలిలో చదువుకునే రోజుల్లో అతను జిల్లా పోటీల్లో పరిగెత్తినవాడు. సోంపేట రన్నింగ్ క్లబ్బులో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ప్రతి ఆదివారం అందరి వెనకా రొప్పుతూ వచ్చి, మోకాలు పట్టుకుని కూలబడేవాడు.

ఇదంతా క్లబ్బు ఏటా జరిపే పందెం కోసం. జలంత్రకోట నుంచి బారువ సముద్రపు ఒడ్డు దాకా రోడ్డు మీద పరుగు. అందరినీ ఒకేసారి వదలరు. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లను ముందు వదిలి, జోరు గలవాళ్లను ఆగి ఆగి వదులుతారు. లెక్క కుదిరితే అందరూ ఇంచుమించు ఒకేసారి ఒడ్డుకు చేరాలి. ఎవరిని ఎప్పుడు వదలాలో తేల్చేది కార్యదర్శి రమణమూర్తి మాష్టారు.

మోహన్‌కు కప్పు మీద ఆశ లేదు. ముందుగా బయలుదేరితే దొరికే, వెనక ఎవరూ లేని ఆ కాసేపు కావాలి.

సోంపేట దాటాక, జీడితోటలో, క్లబ్బు ప్రెసిడెంటు గౌరీశంకర్ ఇల్లుంది. మోహన్‌కు ఆయన వరసకు మావ. ఆ వరస పనులు పురమాయించడానికే పనికొచ్చేది. "ఒరే మోహనూ, కుర్చీలు సర్దరా", "ఒరే మోహనూ, ఆ కారు తుడవరా" అని పదిమందిలో కేకలేసేవాడు. మేనకోడలి పెళ్లికని బ్యాంకు లాకర్లోని నగలన్నీ ఇంటికి తెచ్చిన సంగతి ఆయనే క్లబ్బులో గొప్పగా చెప్పాడు. పందెం నాడు ఇంటిల్లిపాదీ, తోట కాపలావాడితో సహా, బారువ ఒడ్డున క్లబ్బు వేసే టెంటు దగ్గరే ఉంటారు.

నగలు తీసి తోటలో ఎక్కడో పాతిపెట్టి, మళ్లీ రోడ్డెక్కి, నలుగురిలో కలిసి ఒడ్డు చేరితే చాలు. మోహన్ పరుగులోనే ఉన్నాడని క్లబ్బంతా సాక్ష్యం చెబుతుంది.

అడ్డమల్లా తవిటమ్మే. అరవై దగ్గర పడ్డ మనిషి. మందస నుంచి వచ్చి సోంపేటలో ఒక్కతే గది అద్దెకు తీసుకుని ఉంటోంది. డాక్టరు నడవమన్నాడని ఈ మధ్యే క్లబ్బులో చేరింది. అప్పటినుంచి ఆవిడకంటే వెనకబడటం మోహన్ వల్ల అయ్యేది కాదు.

"ఎల్లిపో బాబూ, నాకోసం ఆగకు. ఈ మోకాళ్లు సచ్చిపోనాయి" అనేది.

"మరి నీకీ పందేలెందుకమ్మా?"

"నలుగుర్లో ఉంటే పొద్దు పోద్ది నాయినా."

ఆ మాటకు మోహన్‌కు జాలేసింది. పోనీలే, ముసలావిడ తనకంటే ముందు బయలుదేరితే మాత్రం ఏమవుతుంది అనుకున్నాడు.

పందెం నాడు మాష్టారు తవిటమ్మను అందరికంటే ముందు వదిలారు. అంతా చప్పట్లు కొట్టారు. చాలాసేపటికి, రెండోవాడిగా, మోహన్ వంతు వచ్చింది.

"నొప్పెడితే ఆగిపోరా. పంతానికి పోకు" అన్నారు మాష్టారు.

మలుపు తిరిగి జనం కనుమరుగవగానే మోహన్ కుంటడం మానేశాడు. దారిలో తవిటమ్మ కనబడలేదు. ఏ కొబ్బరిచెట్టు నీడనో చతికిలబడి ఉంటుంది. మంచిదే, చూసే కళ్లు తగ్గాయి.

గౌరీశంకర్ ఇంటి పెరటి తలుపు గడియ పడి లేదు. మావ నిర్లక్ష్యానికి నవ్వుకుంటూ లోపలికి వెళ్లాడు. పడకగదిలో బీరువా బార్లా తెరిచి ఉంది. పట్టుచీరలు నేల మీద పడి ఉన్నాయి. నగల పెట్టెలన్నీ ఖాళీ.

ఇప్పుడు తననెవరైనా ఇక్కడ చూస్తే, వేరెవరో చేసిన పని తన మెడకు చుట్టుకుంటుంది. వచ్చిన దారినే బయటపడి పరుగు లంకించుకున్నాడు. కుంటాలన్న సంగతే మరిచాడు. బారువ సెంటరులో క్లబ్బు తరఫున మజ్జిగ పంచుతున్న పోలారావు గ్లాసు చాపి ఏదో చెప్పబోతుంటే, వినకుండా దూసుకుపోయాడు.

సముద్రం, టెంటు, దారికి అడ్డంగా రిబ్బను కనిపించాక గానీ తెలివి రాలేదు. ముందు ఒక్కరూ లేరు. ఆగిపోదామంటే జనం అప్పటికే చూసి ఈలలు వేస్తున్నారు. రిబ్బను అతని గుండెకు తగిలి తెగింది.

అప్పటికే కారులో వచ్చేసిన మాష్టారు నోరు తెరిచారు. "ఏరా, మోకాలేటయింది?"

"ఏటో మాష్టారూ... తగ్గిపోనాది."

అందరూ నవ్వారు. అంతలో గౌరీశంకర్ ఫోను మోగింది. పక్కతోట రైతు. విన్నకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. ఫోను జేబులో పెట్టుకుని మోహన్‌కేసి తిరిగాడు.

"ఇన్నాళ్లూ కుంటినోడివి, ఇయ్యాల ఇంత జోరెక్కడిదిరా నీకు?"

"నగలు నాను తియ్యనేదు మావా!"

జనం నవ్వులు ఆగిపోయాయి.

"నగలు పోనాయని నాను సెప్పనేదు కదరా" అన్నాడు గౌరీశంకర్ మెల్లగా.

ఇద్దరు మోహన్ రెక్కలు పట్టుకున్నారు. అతను ఒట్లు పెట్టాడు, ఏడ్చాడు. తను వెళ్లేసరికే బీరువా ఖాళీగా ఉందన్నాడు. దాంతో ఇంట్లోకి వెళ్లిన మాట కూడా తనే ఒప్పుకున్నట్టయింది. జోరు గలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి రిబ్బను ముక్కలు దాటారు. వాళ్లంతా తన వెనక బయలుదేరినవాళ్లే. ఇంకెవరు తీసుంటారో అతని బుర్రకు అందలేదు.

పోలీసుల కోసం ఎదురుచూస్తుండగా మాష్టారికి గుర్తొచ్చింది. "తవిటమ్మ ఇంకా రాలేదేటి? ఎక్కడైనా పడిపోయిందేమో, ఎవరైనా బండేసుకుని ఎల్లి సూడండర్రా!"

అప్పుడే మజ్జిగ క్యానుతో బండి దిగిన పోలారావు పకపకా నవ్వాడు.

"ఆయమ్మ కోసం ఎతక్కండి మాష్టారూ. ఈ మోహన్ రాకముందే, సెంటర్లో ఇచ్ఛాపురం బస్సు కదిలిపోతంటే, నిండు సంచీ సంకనెట్టుకుని ఎనకాల పరిగెట్టి ఎక్కేసింది... మన క్లబ్బులో అంత జోరుగా పరిగెట్టినోళ్లని నానింతవరకూ సూడనేదు!"