నమ్ముకో, అమ్ముకోకు

టీవీ కట్టేసి, ఎదురుగా ఉన్న స్టూలును ఒక్క తన్ను తన్నాడు కోచ్. అది గుమ్మంలోంచి సూటిగా వెళ్లి బయట పడింది.

“గోలు,” అంది భార్య, చిరిగిన వల కుట్టుకుంటూ.

“గోలు కాదు, నా గోల చూడు. వాడి నిర్వాకం చూశావా? టీవీలో నవ్వుతూ చెబుతున్నాడు. ఒకే బంతితో ఆడించాను, ఒకే బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టాను. తిన్నగా తన్నడం కూడా రాని కాళ్లకు ఆట నేర్పితే, ఆ కాళ్లతోనే నన్ను కాలదన్నాడు.”

మైదానం పక్కన రేకుల షెడ్డు అది. సగం ఆఫీసు, సగం బూట్ల గుట్ట. వాన వస్తే లోపల కూడా మ్యాచ్ రద్దే. స్థలం యజమాని ఆ నేలమీద గోడౌన్లు కడతాడట. కొంటారా, ఖాళీ చేస్తారా, నెలాఖరుకల్లా తేల్చమన్నాడు. బతిమాలితే, “మైదానం పేరులో దానం ఉందని దానం చేసేస్తానా?” అని నవ్వాడు. సాయంత్రం ఆడుకోవడానికి వచ్చే పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి కోచ్‌కి నోరు రాలేదు.

“వాడు మన గురించి ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ మైదానం దక్కేది.”

“ఆటగాడి కాళ్లకు ఎంత ఆయుష్షండీ? ఒక్కసారి మోకాలు పట్టేస్తే అంతే సంగతులు. డబ్బు వైపు మొగ్గాలో, మనసు వైపు మొగ్గాలో వాడు చూసుకోడా?”

“చూసుకున్నాడు. తనని మాత్రమే చూసుకున్నాడు. అదే నా ఏడుపు.”

గోడమీద, ఇక్కడ ఆట నేర్చుకుని ఇప్పుడు పెద్ద జట్టుకు ఆడుతున్న ఆ కుర్రాడి ఫొటో. దాని కింద ఎర్ర రంగుతో కోచ్ స్వయంగా రాసిన అక్షరాలు: ‘జట్టును నమ్ముకో, అమ్ముకోకు.’ ఆట మొదలుపెట్టే ముందు పిల్లలందరి చేతా రోజూ అనిపించేవాడు. అందరిలోకీ ఆ కుర్రాడిదే పెద్ద గొంతు.

కోచ్ ఫొటో తీసి బోర్లా పడేశాడు. గీతలు గీసే సున్నంలో గుడ్డ ముంచి ఆ అక్షరాలమీద పులమసాగాడు.

“అదేం పాపం చేసిందండీ?”

“ఇంకా ఎందుకిది? జట్టు, జట్టు అని నా జుట్టు ఊడింది తప్ప ఒరిగిందేమిటి?”

‘అమ్ముకోకు’ దాకా వచ్చేసరికి ఫోన్ మోగింది. కుర్రాడే. భార్య స్పీకర్ నొక్కి బల్లమీద పెట్టింది.

“సార్, టీవీ చూశారా?”

“చూశానురా. పెంచినవాళ్ల నోట్లో మట్టి కొట్టావు. అదీ ఈ మైదానం మట్టే కొట్టావు.”

“సార్...”

“సార్ లేదు, గీర్ లేదు. నీకు నేర్పింది ఇదా?”

కోచ్ చేతిలో గుడ్డలోంచి సున్నం బొట్లుబొట్లుగా కారుతోంది.

“గోడమీద మీరు రాసిందే నమ్మి, ఎన్ని కోట్లిచ్చినా ఇప్పుడాడుతున్న ఈ జట్టును వదిలి వెళ్లనన్నాను సార్. మీరు నన్ను వీళ్లకు అమ్మిన రోజే, రేపు ఇంకెవరు కొన్నా ఆ సొమ్ములో మీకూ వాటా రావాలని రాయించుకున్నారని నాకేం తెలుసు?”